నమాజులో దేహం, బజారులో మనసు

పోయిన వేసవిలో ఒకనాటి జుహర్ నమాజు సంగతి ఇది. మార్కాపురంలో మేము నమాజు చేసే మసీదులో ఆనాడు ఇమామత్ నాది. నాలుగో రకాతు సజ్దాల తర్వాత కూర్చుని అత్తహియ్యాతు చదవవలసిన నేను ఏమరుపాటున లేచి నిలబడ్డాను. వెనుక వరుసలో నుంచి ఒక లేత గొంతు "సుబ్‌హానల్లాహ్" అని హెచ్చరించింది. ఉలిక్కిపడి తిరిగి కూర్చున్నాను. సజ్దాయె సహ్వ్, అంటే మరపు జరిగినప్పుడు చేయవలసిన రెండు సజ్దాలు చేసి, సలాముతో నమాజు ముగించాను. ఫిఖ్‌హ్ ప్రకారం నమాజు నెరవేరింది. పెద్దలెవరూ ఒక్క మాట అనలేదు. నన్ను హెచ్చరించినవాడు మా వద్ద హిఫ్జ్ చేస్తున్న పదకొండేళ్ళ బాలుడు.

ఆ నాలుగో రకాతులో నా మనసు ఎక్కడున్నది? ముందురోజు మదరసా వేళల గురించి ఒక సమావేశం జరిగింది. ఎండలు ముదిరాయి కనుక మధ్యాహ్నపు పాఠం ఆపాలని ఒక పెద్దమనిషి అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన పదిమందిలో నా మాటను కొట్టిపారేశారు. ఆ క్షణంలో నాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి పడుకున్నంతసేపూ, మరునాడు పాఠం చెబుతున్నంతసేపూ, చివరికి అల్లాహ్ ఎదుట చేతులు కట్టుకుని నిలబడి కూడా, ఆయనకు ఇవ్వవలసిన జవాబునే సిద్ధం చేసుకుంటున్నాను. దేహం ఖిబ్లా వైపు ఉన్నది. మనసు ఆ సమావేశంలోనే కూర్చుని ఉన్నది.

నిజానికి ఇంతకంటే పెద్ద తప్పు సలాము తర్వాత జరిగింది. నమాజు ముగియగానే నాకు ముందు కలగవలసినది అల్లాహ్ పట్ల సిగ్గు. కాని కలిగిన ఆలోచన వేరు: ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్న నన్ను ఒక పిల్లవాడు దిద్దవలసి వచ్చిందే, జనం ఏమనుకుంటారు? రకాతు మరవడం మానవ సహజం. ఈ రెండోది అహం. మొదటిదానికి రెండు సజ్దాలు పరిహారమయ్యాయి. రెండోదానికి పరిహారం వెతుక్కోవలసి వచ్చింది.

ప్రియ సోదర సోదరీమణులారా! మనసులో ఆలోచన రావడమే పాపమని చాలామంది బాధపడుతుంటారు. ముందుగా ఆ భయం తొలగాలి. మనసులో మెదిలే గుసగుసలను మాటగానో చేతగానో మార్చనంతవరకు అల్లాహ్ ఈ సముదాయాన్ని మన్నించాడని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ హదీసు ఉన్నది. అజాన్ వినిపించగానే షైతాను పారిపోతాడనీ, నమాజు మొదలయ్యాక తిరిగి వచ్చి, మనిషికి అంతవరకు గుర్తులేని సంగతులన్నీ గుర్తుచేస్తాడనీ, తాను ఎన్ని రకాతులు చేశాడో అతనికే తెలియకుండా పోతుందనీ మరో హదీసు చెబుతున్నది. హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి) అంతటి సహాబీ, నమాజుకూ తనకూ మధ్య షైతాను అడ్డుపడుతున్నాడని మొరపెట్టుకున్నారు. ఆయనను దైవప్రవక్త (స) మందలించలేదు. ఆ షైతాను పేరు ఖింజబ్ అని చెప్పి, అల్లాహ్ శరణు వేడుకొమ్మని, ఎడమవైపుకు మూడుసార్లు తేలికగా ఉమ్మినట్లు ఊదమని ఉపాయం చెప్పారు. ఆయన అలాగే చేశారు, ఆ బాధ తొలగింది. ఇది సహీహ్ ముస్లింలోనిది.

దైవప్రవక్త (స) కూడా ఒక నమాజులో రకాతుల లెక్క మరచారు. తానూ మనిషేననీ, అందరిలాగే తానూ మరచిపోతాననీ, మరచినప్పుడు గుర్తుచేయమనీ సహచరులతో అన్నారు. సమస్త మానవాళికి ఆదర్శమైన మహనీయుడు తనను గుర్తుచేయమని అడగగలిగారు. ఒక మదరసా ఉపాధ్యాయుడికి అది ఎందుకు అంత కష్టమయింది?

మన ఆలోచనలను కాస్త విడదీసి చూద్దాం. అవి ఎక్కువగా రెండు దిక్కులకు పోతాయి. ఒకటి గడచిపోయినది, మరొకటి ఇంకా రానిది. ఈ రెంటినీ కలిపి కట్టే దారం ఒకటున్నది, దాని పేరు 'నేను'. నన్ను అలా అన్నారు, నాకు ఇలా జరిగింది, నాకు రేపు ఏమవుతుంది? ఇబ్లీసు ఎన్నో ఏళ్ళు ఆరాధన చేసినవాడని చెప్పుకుంటాం. ఆదం (అలైహిస్సలాం) ముందు సజ్దా చేయమని ఆజ్ఞ వచ్చిన ఆ ఒక్క క్షణంలో వాడు ఆజ్ఞ ఇచ్చినవాని వైపు చూడలేదు, తన వైపు చూసుకున్నాడు. తాను అగ్నితో, ఆయన మట్టితో పుట్టారని లెక్క వేసుకున్నాడు. ఆ లెక్కతోనే భ్రష్టుడయ్యాడు. జరిగిపోయినదాని గురించి 'అలా చేసి ఉంటేనా' అని తలపోయడం షైతాను పనికి తలుపు తెరుస్తుందని దైవప్రవక్త (స) హెచ్చరించింది అందుకే.

మన పశ్చిమ ప్రకాశం వాసులకు ఎదురుచూపు అలవాటైపోయింది. వాన కోసం చూస్తాం. అప్పు చేసి వేయించిన బోరులో నీరు పడుతుందా అని చూస్తాం. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఒక తరం ఎదురుచూస్తూనే పెరిగింది. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లలో రైలెక్కి పనులకు పోయిన కొడుకు ఫోను కోసం తల్లి చూస్తుంది. ముసల్లా పక్కనే ఫోను పెట్టుకుని అసర్ చేస్తుంది. ఆమెను తప్పుపట్టగలవారెవరు? కడుపుతీపి అల్లాహ్ పెట్టినదే. కాని ఆ తల్లి అర్థం చేసుకోవలసినది ఒకటున్నది. తన బిడ్డను ఈ క్షణంలో కాపాడుతున్నవాడి ముందే ఆమె నిలబడి ఉన్నది. ఆ నాలుగు రకాతులపాటు బిడ్డను ఆయనకు అప్పగించి నిశ్చింతగా నిలబడితే అది బిడ్డను మరవడం కాదు.

ఈ క్షణంలో జీవించడమంటే రేపటిని వదిలేయడం కాదు. ఒంటెను కట్టివేసి ఆ తరువాతే అల్లాహ్ మీద భారం వేయమన్నది ప్రవక్త (స) బోధ. చేతిలో ఖర్జూరపు మొక్క ఉండగా ప్రళయమే వచ్చినా, వీలుంటే దానిని నాటమన్నారు. ఇక్కడే మనకు ఒక దృష్టాంతం ఉన్నది. మార్కాపురం, గిద్దలూరుల నడుమ విజయనగర రాజుల కాలంనాటి కంభం చెరువును మనమందరం చూశాం. గుండ్లకమ్మ నీటిని కొండల మధ్య ఆపిన ఆ కట్టను 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. ఆ కట్ట మీద మట్టి మోసిన కూలీ చేతిలో ఉన్నది ఆనాటి గంప ఒక్కటే. చెరువు నిండుతుందా లేదా అన్న చింతతో గంప దించి కూర్చుంటే కట్ట లేచేది కాదు. ప్రణాళిక రేపటికోసం వేయాలి, పని మాత్రం ఈనాటి గంపతోనే చేయాలి.

మన పెద్దలు దీనికి ఒక చక్కని మాట వాడారు: ఇబ్నుల్ వఖ్త్, అంటే కాలానికి బిడ్డ. ఈనాటి ఉర్దూలో ఆ మాటకు అవకాశవాది అన్న చెడ్డ అర్థం స్థిరపడింది. కాని సుమారు వెయ్యేళ్ళ క్రితం ఇమామ్ ఖుషైరీ తన రిసాలాలో వివరించిన అర్థం వేరు. ఆ క్షణంలో అల్లాహ్ తన నుంచి కోరుతున్న పనిని ఆ క్షణంలోనే నెరవేర్చేవాడు ఇబ్నుల్ వఖ్త్. అజాన్ అయితే నమాజు, తల్లి పిలిస్తే తల్లి, పిల్లవాడు పాఠం అప్పజెబుతుంటే ఆ పిల్లవాడు. మనసును ఖాళీ చేసుకోవడం మన ధర్మం చెప్పే లక్ష్యం కాదు. ఎవరి సన్నిధిలో ఉన్నామో ఎరిగి ఉండడమే లక్ష్యం. దీనినే హుజూరె ఖల్బ్ అన్నారు.

మరి దీనిని సాధించేదెలా? మా విద్యార్థులకు చెప్పే నాలుగు విషయాలు పాఠకులకూ విన్నవిస్తాను.

మొదటిది, నమాజుకు ముందే పలక తుడుచుకోవడం. ఒకప్పుడు దేశంలో ఎన్నో బడులకు పలకలు పంపిన ఊరు మనది. నిన్నటి అక్షరాల మీదే నేటి అక్షరం రాస్తే రెండూ చదవరావని పలక పట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు. వుజూను హడావిడిగా ముగించక, కడిగే ప్రతి అవయవంతోపాటు పాపాలు రాలిపోతున్నాయన్న ప్రవక్త (స) శుభవార్తను తలచుకుంటూ చేయాలి. ఆకలిగా ఉండి అన్నం వడ్డించి ఉంటే ముందు తినాలి. ఒకసారి గీతల అంచు ఉన్న దుప్పటి నమాజులో తన దృష్టిని మరల్చిందని దైవప్రవక్త (స) దానిని ఇచ్చినవారికే తిరిగి పంపి, సాదా దుప్పటి తెప్పించుకున్నారు. ఈనాడు మన జేబులో మోగే ఫోను ఆ గీతలకంటే ఎన్ని రెట్లు బలమైనదో ఆలోచించండి.

రెండోది, చదివేదానికి అర్థం తెలుసుకోవడం. అల్ ఫాతిహాలో దాసుడు పలికే ప్రతి వాక్యానికీ అల్లాహ్ జవాబిస్తాడని హదీసె ఖుద్సీ తెలుపుతున్నది. జవాబు వస్తున్నదని తెలిసినవాడు ఒక్కో ఆయతు దగ్గర ఆగుతాడు. తెలియనివాడు ఒకే ఊపిరిలో ముగిస్తాడు. ఇంట్లో వారానికి ఒక సూరా అర్థం పిల్లలతో కలిసి తెలుగులో చదువుకోండి.

మూడోది, ఆలోచన వస్తే దానితో వాదానికి దిగకపోవడం. వాదించేకొద్దీ అది పెరుగుతుంది. ఆఊజు బిల్లాహ్ అని మనసును తిరిగి ఆయతు మీదకు తేవాలి. పదిసార్లు పోతే పదిసార్లు తేవాలి. అయితే కొందరు గంటల తరబడి వుజూ చేస్తూ, నమాజును మళ్ళీ మళ్ళీ తిరగచేస్తూ నలిగిపోతుంటారు. అది విశ్వాస లోపం కాదు, జబ్బు కావచ్చు. అలాంటివారిని ఎగతాళి చేయక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం ఇంటివారి బాధ్యత.

నాలుగోది, అహానికి రోజూ కొంత పని చెప్పడం. దైవప్రవక్త (స) ఇంట్లో భార్యలకు పనిలో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ముందుగా సలాం చెప్పడం, చిన్నవాడు దిద్దినా ఒప్పుకోవడం, ఇంట్లో ఒక పని చేయడం, ఇవన్నీ అహాన్ని అణచే మందులే.

నా సంగతి ముగించాలి. గర్వమంటే సత్యాన్ని తిరస్కరించడం, జనాన్ని చిన్నచూపు చూడడం అని దైవప్రవక్త (స) నిర్వచించారు. ఎన్నో ఏళ్ళుగా పాఠంగా చెబుతున్న ఆ హదీసు ఆ సాయంత్రం నాకు ఎదురుగా నిలిచింది. ఆ పెద్దమనిషి చెప్పినది సత్యమా కాదా అని నేను ఒక్కసారైనా ఆలోచించానా? లేదు. నా జవాబు గురించే ఆలోచించాను. మధ్యాహ్నపు ఎండలో చెప్పులు కాలుతుండగా నడిచి వచ్చే పిల్లలు నా ఆలోచనలలో ఎక్కడా లేరు. నన్ను హెచ్చరించిన ఆ బాలుడూ అలా నడిచి వచ్చేవాడే.

మరునాడు ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళి, మీ మాటే సరైనదని, నన్ను మన్నించమని అన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. "ఏ మాట, హజ్రత్?" అని అడిగారు. ఆయనకు గుర్తే లేదు. నా నిద్రనూ నా నమాజునూ తినివేసిన మాట, అన్నవారి మనసులో ఒక్క పూట కూడా నిలవలేదు. మధ్యాహ్నపు పాఠాన్ని ఫజర్ తర్వాతకు మార్చాం.

తరగతిలో ఆ బాలుణ్ణి పిలిచి అందరి ముందూ అభినందించాను. వాడు తలవంచుకుని, "హజ్రత్, ఒకటి అడగనా? నమాజులో నాకు క్రికెట్ గుర్తొస్తుంది. నా నమాజు ఖబూల్ అవుతుందా?" అన్నాడు.

"ఆ రోజు నేను లేచి నిలబడినప్పుడు నీ మనసు ఎక్కడుంది, బేటా?"

"మీ వెనుకనే ఉంది, హజ్రత్."

"అయితే మనిద్దరిలో ఆ రకాతు నీకే దక్కింది. క్రికెట్ వస్తే రానీ, నువ్వు మాత్రం తిరిగి వస్తూ ఉండు" అన్నాను.

మరలి వచ్చేవారిని అల్లాహ్ ప్రేమిస్తాడు. మన దేహాలు నిలబడిన చోటనే మన హృదయాలనూ నిలబెట్టు గాక. ఆమీన్.