చెఱవిడుపు ధర్మము - దాని యెల్లలు

దానములలో అన్నదానము గొప్పదని కొందఱును, విద్యాదానము గొప్పదని కొందఱును వాదించుచుందురు. ఈ వాదములలో తలపునకు రాని దానమొకటి కలదు. అది చెఱబడిన మనుష్యుని సొమ్మిచ్చి విడిపించుట. 16వ శతాబ్దము మొదలు 18వ శతాబ్దము తుదివఱకును ఐరోపాఖండమున ఈ ధర్మమునకై ఊరూర చందాలు పోగైనవి. ఆ చందాల చరిత్రను మానవదయకు మేలుబంతిగా కొనియాడువారు కలరు. ఆ పొగడ్తలో సగమును మేమును ఒప్పుకొందుము. తక్కిన సగమును ఖండించుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా ఒప్పుకొనదగినదానిని చెప్పుదము. ఆఫ్రికా ఉత్తరతీరమునందలి అల్జీర్సు, ట్యూనిసు, ట్రిపోలి రేవులనుండియు, మొరాకోలోని సాలే రేవునుండియు ఓడదొంగలు బయలుదేరి, నావికులను, ప్రయాణికులను, తీరగ్రామముల జనులను పట్టుకొనిపోయి బానిసలుగా అమ్ముచుండిరి. 1627లో ఐస్లాండు ద్వీపమునుండి దాదాపు 400 మందిని, 1631లో ఐర్లాండులోని బాల్టిమోరు గ్రామమునుండి నూఱుమందికి పైగా ఎత్తుకొనిపోయిరి. చెఱబడినవాడు ధనవంతుడైనచో బంధువులు సొమ్ము పంపి విడిపించుకొందురు. పేద నావికునకు దిక్కెవ్వరు? ఆ దిక్కు కల్పించినది చందాల పళ్లెరము.

1198లో త్రినిటేరియను సన్న్యాసిసంఘమును, 1218లో మెర్సిడేరియను సన్న్యాసిసంఘమును ఈ పనికై వెలసినవి. అవసరమైనచో బందీకి మాఱుగా తామే చెఱలో నిలుతుమని మెర్సిడేరియనులు ప్రతిజ్ఞ చేయుచుండిరి. 1624లో హాంబర్గు నగరమున నావికుల చందాలతో ఒక విమోచననిధి యేర్పడెను. ఇంగ్లాండులో రాజు అనుజ్ఞాపత్రమును చర్చిలలో చదివి సొమ్మెత్తుచుండిరి. డాన్ క్విక్సోటు గ్రంథకర్తయగు సెర్వాంటిసు 1575లో చెఱబడి, అయిదేండ్లు అల్జీర్సునందు బానిసయై, 1580లో 500 బంగారు నాణెములకు విడుదల పొందెను. తల్లియు తోబుట్టువును కూర్చినది చాలకపోగా త్రినిటేరియనులు తక్కినది సమకూర్చిరి. ఆ భిక్షాన్నమే లేకున్న లోకమున కా గ్రంథమే లేదు. 1646లో ఇంగ్లాండు పార్లమెంటు పంపిన దూత అల్జీర్సునుండి 240 మందికి పైగా విడిపించి, ఒక్కొక్కరి పేరును, ఒక్కొక్కరికై చెల్లించిన వెలయును పట్టిక వ్రాసెను. అందు పదునైదేండ్ల క్రిందట బాల్టిమోరునుండి కొనిపోబడిన స్త్రీలిద్దఱు కలరు. దూరమున మఱవబడిన పేదరాలి పేరును ఒక దేశము గుర్తుంచుకొని విడిపించుట సామాన్యమైన పని కాదు. ఇంతవఱకు మా నమస్కారము.

ఇక రెండవ సగమును చూతము. 1670లో రెండవ చార్లెసు ఏలుబడిలో ఇంగ్లాండు చర్చిలయందు ఈ బందీలకై చందాలెత్తిరి. మఱి రెండేండ్లకే, అనగా 1672లో, ఆ రాజే రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి అధికారపత్రమిచ్చెను. ఆ కంపెనీ చేసిన వర్తకములలో నల్లవారిని కొని సముద్రము దాటించి అమ్ముట ప్రధానమైనది. హాలెండు చర్చిలలోను అల్జీర్సు బందీలకై పళ్లెరము తిరిగెను. ఆ దేశపు తూర్పిండియా వర్తకసంఘమువారే మన ప్రళయకావేరి రేవున కోట కట్టుకొని, కఱవుకాలమున తిండిలేక తమ్మును తమ బిడ్డలను అమ్ముకొనువారిని చవుకగా కొని, బటేవియాకు ఓడలెక్కించిరి. ఆ బిడ్డలకై ఏ చర్చిలో పళ్లెరము తిరిగెను? అల్జీర్సునందలి బందీకి పేరు కలదు, ఊరు కలదు, ఏడ్చు తల్లి కలదు. ఓడ క్రింది యఱలో కుక్కబడినవానికి లెక్కపుస్తకమున ఒక అంకె మాత్రము కలదు.

ఈ దోషము క్రైస్తవులకే చెందినదని మా భావము కాదు. మొరాకో సుల్తాను మౌలాయి ఇస్మాయిలు 1690లో స్పెయినునకు రాయబారిని పంపి, అచ్చట చెఱలోనున్న ముసల్మానులను విడువుమని కోరెను. ఆ సుల్తానే వేలకొలది నల్లవారిని బానిసలుగా బట్టి సేనను కూర్చెను. బందీల విడుదలకై ధనము వెచ్చింపుమని చెప్పు మతములన్నియు, ఆ బందీ తనవాడా పరాయివాడా యని ముందుగా విచారించిన మనుష్యుల చేతులలో కుంచించుకొనిపోయినవి.

దీనికి రెండు సమాధానములు చెప్పుదురు. మొదటిది: తనకు మాలిన ధర్మము మొదలు చెడ్డ బేరము, తనవారిని ముందు విడిపించుట తప్పా? తప్పుగాదు. ఉన్న సొమ్ము కొంచెమైనప్పుడు దగ్గఱివానికి ముందిచ్చుట లోకసహజము. మేము నిందించునది ముందువెనుకలను గాదు. ఒక చేత తనవారి సంకెళ్లు విప్పుచు రెండవచేత పరులకు సంకెళ్లు తగిలించుటను నిందించుచున్నాము. పరులకు దానము చేయకుండుట లోభము కావచ్చును. పరులను అమ్మగా వచ్చిన లాభములోనుండి తనవారికి దానము చేయుట లోభముకంటె నీచము.

రెండవ సమాధానము: ఆ కాలపువారి కంత తెలివి లేదు, నేటి కొలబద్దతో నాటివారిని కొలువరాదు. ఇది చరిత్ర నెఱుగనివారి మాట. 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌను గ్రామమున నలుగురు సామాన్యులు బానిసత్వమును ఖండించుచు ఒక విన్నపము వ్రాసిరి. సముద్రముపై తురకల ఓడ కానవచ్చునేమోయని మనవారు వణకుదురే, మనము నల్లవారికి చేయుచున్నది దానికంటె ఏవిధమున మేలని అందు వారడిగిరి. 1700లో బోస్టను నగరపు న్యాయాధిపతి శామ్యూల్ స్యూవాలు, ఆఫ్రికాలో చెఱబడిన మనవారికై విలపించు ఈ వేళనే ఆఫ్రికావారిని మనము చెఱబట్టుట న్యాయమా యని ప్రకటించి అడిగెను. కాబట్టి నాటివారికి తెలియకపోలేదు. తెలియజెప్పినవారి మాట రుచింపలేదు.

రుచింపమికి ఫలమేమో అమెరికా చరిత్రలో కానవచ్చును. 1795లో ఆ దేశము అల్జీర్సుతో సంధి చేసికొని, తన నావికులు నూఱుమందికి పైబడినవారి విడుదలకును సంధికిని కలిపి 6 లక్షల డాలర్లకు పైగా ఇచ్చుటకు ఒప్పుకొనెను. అయిదేండ్లకు ముందు, 1790 నాటి జనాభాలెక్కలో, అదే దేశమున దాదాపు 7 లక్షలమంది బానిసలుండిరి. నూఱుమందికై లక్షలు కుమ్మరించిన దయ, తన పెరటిలోని 7 లక్షలమందిని చూడలేకపోయెను. ఆ 1790లోనే, చనిపోవుటకు కొలదివారములముందు, బెంజమిన్ ఫ్రాంక్లిను ఒక వ్యంగ్యలేఖ ప్రకటించెను. అందు అల్జీర్సు పెద్ద యొకడు క్రైస్తవబానిసలను విడువరాదని వాదించును. ఆ వాదమంతయు అమెరికాలోని బానిసల యజమానుల వాదమే. అద్దము చూపినను ముఖము కడుగుకొనకున్న ఎవ్వరేమి చేయగలరు?

పాఠకులారా, పరదేశుల పాపములను లెక్కించి సంతోషించుట మా యుద్దేశము కాదు. గల్ఫుదేశములకు కూలికి పోయి, పాస్‌పోర్టు యజమానుని చేత జిక్కి, తిరిగిరాలేక తపించు మన తెలుగుబిడ్డలకై మనము నేడును చందాలెత్తుచున్నాము. ఎత్తవలయును, ఇంకను ఎక్కువగా ఎత్తవలయును. కాని ఆ చందా వ్రాయు చేతినే మేమొక ప్రశ్న అడుగుచున్నాము. ముందుగా ఇచ్చిన బయానా తీఱలేదని కుటుంబములను ఇటుకబట్టీలలో కట్టిపడవేయువారు మన పొరుగువారు కారా? అప్పుక్రింద మనుష్యుని కట్టివేయు వెట్టిని 1976 నాటి చట్టము నిషేధించెను. చట్టము నిషేధించినదానిని మన ఆచారము ఇంకను విడువదేల? బడికి పోవలసిన పసిదానిని అంట్లు తోమ నియమించుకొని, ఆ పసిది కాచిన కాఫీ త్రాగుచు, పరదేశమున చెఱబడినవారికై కన్నీరు కార్చుట ఏపాటి దయ?

చెఱవిడుపు ధర్మము గొప్పది. అయితే దానికి మొదటి చందా సొమ్ము కాదు. తన గుప్పిటలోనున్నవానిని విడిచిపెట్టుట. ఆ చందా చెల్లింపక పళ్లెరములో వేసిన రూక ఎంత బరువైనను తేలికయే.