గాలి మీద మన పాటకు చోటేది?

మన పత్రికకు వచ్చే ఉత్తరాలలో సాధారణంగా బడి సంగతి ఉంటుంది, తెలుగు పంతుళ్ళ ఖాళీల సంగతి ఉంటుంది, రేషను కార్డు మీద పేరు తప్పుగా అచ్చయిన సంగతి ఉంటుంది. ఈ మధ్య మరొక విషయం కూడా తరచుగా కనబడుతున్నది. హొసూరు నుంచి, బళ్ళారి నుంచి, బరంపురం నుంచి, షోలాపూరు మగ్గాల పేటల నుంచి రాసేవారు తమ ఊరి రేడియోలో వచ్చే పాటలు వినలేకపోతున్నామని మొరపెట్టుకుంటున్నారు. ఇదీ ఒక హక్కుల సమస్యేనా అని మిత్రులు కొందరు నవ్వారు. నచ్చకపోతే మీట తిప్పితే సరిపోతుంది గదా అన్నారు. నేను అలా అనుకోవడం లేదు.

తమిళనాట 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పాకి, 2015-16లో పదవ తరగతిని చేరింది. తక్కిన రాష్ట్రాలలో కారణాలు వేరు కావచ్చు గాని మన పిల్లల గతి ఇంచుమించు ఒకటే. ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, ఆ తెలుగును చదవలేరు. నా దగ్గరకు వచ్చే కక్షిదారులలో తమ తాతగారి దస్తావేజును నా చేత చదివించుకుని వినే యువకులు ఎందరో ఉన్నారు. అక్షరం చేజారిన ఇంట భాషకు మిగిలే వాకిలి చెవి ఒక్కటే. ఆ చెవిలో రోజంతా ఏమి పడుతున్నదన్నది అందుచేత చిన్న విషయం కాజాలదు.

పడుతున్నదేమిటి? టీ అంగట్లో, మగ్గం గుంటలో, ట్రాక్టరు మీద, వంటింటి గూట్లో మోగేది పట్టుమని పాతిక పాటలు. పొద్దున విన్నదే మధ్యాహ్నం, మధ్యాహ్నం విన్నదే రాత్రి. తెలుగు పాట ఎప్పుడో పండుగకు వచ్చిన చుట్టంలా వస్తుంది. వచ్చినా పల్లవి పూర్తి కాకముందే వ్యాఖ్యాత గొంతు మీద పడుతుంది, రెండో చరణానికి ముందే ప్రకటన వచ్చి కూర్చుంటుంది. రాసినవారెవరో, స్వరపరచినవారెవరో చెప్పరు. పేరుకు స్థానిక కేంద్రం. ఆ ఊరి మనిషి గొంతు మాత్రం బహుమతి కోసం ఫోను చేసినప్పుడు తప్ప వినబడదు. యానాం సోదరుల సంగతి కొంత వేరు. చుట్టూ గోదావరి జిల్లాలే గనుక అక్కడ తెలుగు పాటకు కరువు లేదు, ఎంపికకే కరువు.

సినిమా పాట మీద నాకు ద్వేషం లేదు. ఘంటసాల, సుశీల గొంతులు విని పెరిగినవాడిని. నా ఫిర్యాదు ఎంపికలోని దారిద్ర్యం మీద. అన్నం పెట్టే చేయి రోజూ ఒకే కూర వడ్డిస్తే, ఆ కూర ఎంత మంచిదైనా పిల్లవాడు భోజనమంటే అదేననుకుంటాడు.

మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. తమిళంతో పాటు తెలుగుకూ అందులో చోటుండేది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941లో అక్కడే చేరారు; కృష్ణశాస్త్రిగారు రేడియో కోసం పాటలు, నాటికలు రాశారు. లలిత సంగీతమని మనం నేడు పిలుచుకునే తెలుగు పాటలో చాలా భాగం తమిళ నగరంలోని స్టూడియోలో ఊపిరి పోసుకున్నదే. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చాక రజనిగారు రూపుదిద్దిన 'భక్తిరంజని' తరాల తరబడి తెలుగు ఇళ్ళకు తెల్లవారుజాము అయింది. ఆనాడంతా స్వర్ణయుగమేననీ నేననను. 1952లో కేంద్ర మంత్రి కేస్కర్ గారు సినిమా పాట రుచిని చెడగొడుతుందని ఆకాశవాణిలో దాన్ని ఆపించారు. జనం చక్కగా సిలోను వైపు ముల్లు తిప్పుకున్నారు. దాదాపు అయిదేళ్ళకు, 1957 అక్టోబరు 3న, వివిధ భారతి రాక తప్పలేదు. శ్రోత ఎదురు తిరిగితే ప్రభుత్వమైనా దిగివస్తుందని ఆ ఉదంతం చెబుతున్నది. అప్పటి శ్రోతకు తిప్పుకోవడానికి మరొక కేంద్రం ఉన్నది, అంతే తేడా.

మనకు ఆ రెండో కేంద్రం ఎలా పోయిందో చాలామంది గమనించలేదు. మీడియం వేవ్ తరంగానికి సరిహద్దు రాయి కనబడదు. రాత్రయితే అది పై వాతావరణపు పొరను తాకి వందల మైళ్ళ దూరాన దిగుతుంది. నా చిన్నతనంలో విజయవాడ, కడప కేంద్రాలు గరగర శబ్దంతోనైనా మా ఇంటికి చేరేవి. రాష్ట్రాలను భాష ప్రాతిపదికన విడదీసినవారు గీసిన గీతను ఆ పాట ప్రతి రాత్రీ దాటి వచ్చేది. ఎఫ్.ఎం. తరంగం అలాంటిది కాదు. శబ్దం స్వచ్ఛంగా ఉంటుంది గాని ఇంచుమించు చూపు సాగినంత మేరే సాగుతుంది, కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. శ్రోతలు, సెట్లు, పెట్టుబడి అంతా ఎఫ్.ఎం. వైపు మళ్ళిన కొద్దీ సరిహద్దు గ్రామం తెలుగు కేంద్రానికి దూరమై, ఊరి కేంద్రానికి బందీ అయింది. దీన్ని ఎవరూ కుట్రగా చేయలేదు. కాని మన నష్టాన్ని ఎవరూ లెక్కలోకీ తీసుకోలేదు.

ఇక ప్రైవేటు కేంద్రాలు. దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్.ఎం. 2001 జూలైలో బెంగళూరులో మొదలైంది. వేలంలో పౌనఃపున్యాన్ని కొన్నవాడు ఆ సొమ్మును ప్రకటనల ద్వారా రాబట్టుకోవాలి. ప్రకటనదారుకు కావలసింది ఎవరూ మీట తిప్పని పాట. ఆ పాటల పట్టిక చాలాచోట్ల దూరపు నగరంలోని కార్యాలయంలో తయారవుతుంది, కంప్యూటరు దాన్ని తిరగేసి మరగేసి వినిపిస్తుంది. అడిగితే రాయల్టీ భారమంటారు. 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు ఎఫ్.ఎం. కేంద్రాలు సంగీత సంస్థలకు చెల్లించవలసిన రాయల్టీని నికర ప్రకటనాదాయంలో 2 శాతంగా నిర్ణయించింది. అలా ఆదాయంలో వాటాగా చెల్లించిన రోజులలో కొత్త పాటకూ పాత పాటకూ ఖర్చులో తేడా ఏముండేది? మా పల్లెలో నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్ళు పాడే పాటకైతే ఆ రెండు శాతమూ అక్కరలేకపోయేది.

బెంగళూరులోనే మరొకటి జరిగింది. తొలినాళ్ళలో అక్కడి ఎఫ్.ఎం. నిండా హిందీ పాటలే. కన్నడ సంఘాలు నిలదీశాయి. క్రమంగా పలు కేంద్రాలు కన్నడ పాటకు మళ్ళాయి. కన్నడ సోదరుల మీద నాకు అసూయ లేదు, గౌరవమే. వారు తమ గడ్డ మీద తమ పాట కోసం అడిగినట్లే, తరాలుగా అదే గడ్డ మీద బతుకుతున్న మనమూ ఒక గంట అడగవచ్చు. మన గంట వారి పాటను తగ్గించనక్కరలేదు, రోజుకు పదిసార్లు వేసే పాటను తొమ్మిదిసార్లు వేస్తే చాలు.

రెండేళ్ళ క్రితం ఒక చెక్కభజన బృందం తరఫున సరిహద్దు జిల్లాలోని ఒక రేడియో కేంద్రానికి వెళ్ళాను. పేరు ఇక్కడ అనవసరం. బృందంలో పదకొండు మంది, అందరూ వ్యవసాయ కూలీలు, తరతరాలుగా తెలుగులో పాడుతున్నవారు. అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి, తమ నిర్ణీత కార్యక్రమ పట్టికలో తెలుగు లేదనీ, స్వరపరీక్ష చేసేవారిలో తెలుగు తెలిసినవారు లేరనీ చెప్పారు. పట్టికలో లేదు గనుక పాడనివ్వరు, పాడినవారు లేరు గనుక పట్టికలో చేర్చరు. ఇరవై ఏళ్ళ వకీలు వృత్తిలో ఇంత గుండ్రని వాదం నేను వినలేదు.

చట్టం ఏమంటున్నదో చూడండి. 1990 నాటి ప్రసార భారతి చట్టం 1997 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది. దాని 12వ సెక్షను రెండవ ఉపవిభాగం ప్రజా ప్రసార సంస్థ లక్ష్యాలను వరసగా చెబుతుంది. వివిధ ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు తగినంత చోటివ్వడం అందులో ఉన్నది. సరిహద్దు ప్రాంతాలలో, వెనుకబడిన, మారుమూల ప్రాంతాలలో నివసించేవారికి సేవ చేయడం ఉన్నది. అల్పసంఖ్యాకుల, గిరిజనుల ప్రత్యేక అవసరాలను బట్టి కార్యక్రమాలివ్వడం ఉన్నది. దానికి ముందే 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ జీవన్ రెడ్డిగారు కూడా ఉన్నారు. గాలి ప్రజల ఆస్తి అయినప్పుడు వేలంలో కొన్నవాడు కౌలుదారు మాత్రమే. కౌలుదారు పొలంలో ఏమి పండిస్తున్నాడని అడిగే హక్కు యజమానికి ఉన్నది.

అడగడంలోనూ ఒక తమాషా ఉన్నది. 2005 సమాచార హక్కు చట్టం 6వ సెక్షను ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలి. అంటే హొసూరు వాసి తన రేడియోలో తెలుగుకు ఎన్ని నిమిషాలున్నాయో తెలుగులో అడగరాదు! అయినా అడగండి. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. గత అయిదేళ్ళలో తెలుగు కార్యక్రమాలకు కేటాయించిన సమయం, స్వరపరీక్షకు పిలిచిన తెలుగు జానపద కళాకారుల సంఖ్య, కేంద్రంలో భద్రపరచిన తెలుగు టేపుల జాబితా - ఈ మూడూ చాలు. జవాబు చేతికి వచ్చాక విజ్ఞాపన మాత్రం తెలుగులోనే రాయండి. రాజ్యాంగపు 350వ అధికరణం మీ బాధను కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా చెప్పుకునే హక్కు ఇచ్చింది. ఒక ప్రతి 350-బి కింద నియమితులైన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపండి. ఆయన నివేదిక పార్లమెంటు ముందుకు వెళుతుంది.

ఫోనులో ప్రపంచమంతా వినబడుతుంటే ఈ తంటా దేనికని అడిగేవారున్నారు. నిజమే, విజయవాడ కేంద్రాన్ని కూడా ఇప్పుడు ఫోనులో వినవచ్చు. కాని ఫోను మనం అడిగినదే ఇస్తుంది. ఎన్నడూ వినని పాటను పిల్లవాడు ఏ పేరుతో అడుగుతాడు? పైగా మన పల్లెల పాట ఆ ఫోనులోనూ లేదు. ఎవరూ రికార్డు చేయలేదు గనుక.

మనమే కేంద్రం పెట్టుకోవచ్చు గదా అన్న మాట ఆలోచించదగినది. 2006 నవంబరులో సామాజిక రేడియో విధానం స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచింది. లాభాపేక్ష లేని, మూడేళ్ళ వయసున్న సంస్థ అయి ఉండాలి. వంద వాట్ల ట్రాన్స్‌మిటర్. కార్యక్రమాలలో కనీసం సగం స్థానికుల పాలుపంచుకోలుతో తయారు కావాలి. 2008 అక్టోబరు 15న మాచ్‌నూరులో మొదలైన సంఘం రేడియోను చూడండి. జహీరాబాదు దగ్గరి పల్లె, కర్ణాటక సరిహద్దుకు కూతవేటు. దళిత మహిళలు తమ పాటలను, తమ విత్తనాల కథలను తమ యాసలో వినిపిస్తున్నారు. ఖర్చులేని పని అని నేననను; పరికరాలు కొనడం కంటే రోజూ నడపడమే కష్టం. జిల్లాకొక కేంద్రమని ఊరేగింపులు తీయడం కన్నా ఒక్కచోట ఒక్కటి నిలబెట్టడం మేలు. కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో 234 పట్టణాలలో 730 కొత్త ప్రైవేటు ఎఫ్.ఎం. చానళ్ళ వేలానికి ఆమోదం తెలిపినప్పుడు మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరుగుతాయన్నది. ఎవరి మాతృభాష అన్న ప్రశ్నను మనం వేయకపోతే ఇంకెవరూ వేయరు.

కేంద్రం వచ్చినా, గంట దొరికినా, అందులో వేయడానికి పాటలుండాలి. ఈ పని రేపటికి ఆగదు, పాడేవారు వృద్ధులు. మీ ఊళ్ళో దంపుళ్ళ పాట, కోలాటపు పాట, పెళ్ళిపాట, లాలిపాట వచ్చినవారు ఎవరున్నారో, ఏ ఊరో, ఏ పాటో ఒక కాగితం మీద రాసి పత్రిక చిరునామాకు పంపండి. వీలైతే వారిని అడిగి, వారి సమ్మతితో ఫోనులో రికార్డు చేసి ఉంచండి. వెనక టీవీ మోగకుండా చూసుకోండి. పాట పేరు తెలియకపోతే మొదటి మాట రాసినా చాలు.