కొల్లేటి గూడబాతులు

జలాశయము చెడుచున్నదని మనుష్యుడు గుర్తించుటకు పూర్వమే పక్షి గుర్తించును. మనుష్యుడు ఇల్లును పొలమును విడువజాలక చెడిన నీటిచెంతనే కాలము గడుపును, పక్షి యెగిరిపోవును. భీమడోలు మొదలు కైకలూరు వరకు కొల్లేటి యొడ్డున గల గ్రామములవారు ఈ సత్యమును గూడబాతుల చరిత్రమువలన నేర్చుకొనదగియున్నారు.

బర్మాలోని సిట్టాంగు నదీప్రాంతమే ఈ జాతికి ముఖ్యమైన పుట్టినిల్లని పక్షిశాస్త్రజ్ఞులు చిరకాలము తలచియుండిరి. 1946లో కేరళీయుడగు శ్రీ కె. కె. నీలకంఠన్ పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున వీని పెద్ద గూళ్లపట్టును కనుగొని లోకమునకు దెలిపెను. సిట్టాంగు పక్షులు అంతరించినవి. మన ఆరేడు సంగతియు నట్లే యయ్యెను. కొల్లేటి నీటిపోకడలు, సేద్యపు పద్ధతులు మారుటచే 1975 నాటికి అచటి గూళ్లు పాడువడినవి. ఆ పక్షులు వెడలిపోయినందుకు నాడు విచారణ కోరినవారు లేరు.

అవి యేల వెడలినవో తెలియుటకు వాని జీవితక్రమమును కొంత యెరుగవలెను. గూడబాతు చెట్లపై గుంపులుగ గూళ్లు కట్టును. మూడు నాలుగు గ్రుడ్లు పెట్టి, నెలదినములు పొదుగును. పిల్లకు రెక్కలువచ్చి యెగురుటకు మరి మూడు నెలలకు పైగా పట్టును. అనగా గూడు కట్టిన దినము మొదలు నాలుగైదు మాసములు దగ్గరలో నీరును, ఆ నీటిలో చేపయు ఉండితీరవలెను. నారుపోసి కాలువవంక జూచు రైతుకును ఈ పక్షికిని భేదమేమి? నడుమ నీరు తప్పిన రైతునకు పైరు పోవును, పక్షికి సంతానము పోవును.

నేడు కైకలూరు చెంత ఆటపాకలో అటవీశాఖవారు నిలిపిన యినుప మంచెలపై గూడబాతులు మరల పిల్లలను లేపుచున్నవి. ఇది సంతోషింపదగినదే. అయినను ఇనుప మంచె చెట్టు కాదు. ఒక్క చెరువు కొల్లేరు కాదు. ఊతకర్రతో నడచు రోగిని జూచి వ్యాధి కుదిరినదని యే వైద్యుడును చెప్పడు.

పక్షులన్నియు ఒకటిరెండు తావులనే క్రిక్కిరియుటలో మరియొక యపాయము గలదు. 2021 చివరను, 2022 ఆదిని శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురమున నూటికి పైగా గూడబాతులు చనిపోయినవి. చేపలద్వారా కడుపున జేరిన నట్టలే యందుకు కారణమని పరీక్షలలో తేలినది. పక్షి తినుచున్న చేప యెట్టి నీటిలో పెరిగినదో, ఆ నీటిలోనికి ఏ మురుగు, ఏ మందులు చేరుచున్నవో విచారింపక పక్షిని రక్షించుట కల్ల. ఆ చేపనే మనమును భుజించుచున్నాము. అమెరికాలో డీడీటీ మందు చేపలద్వారా చేరుటచే అచటి గోధుమవన్నె గూడబాతుల గ్రుడ్ల పెంకులు పలుచనై పగిలిపోయెడివి. 1972లో ఆ మందును నిషేధించిరి. పక్షులు క్రమముగ వృద్ధిచెందగా 2009లో ఆ జాతిని అపాయపుపట్టికనుండి తొలగించిరి. కారణమును తొలగించిన ఫలము దక్కునని ఇందువలన స్పష్టము.

కొల్లేటి విషయమున మన నడవడి యెట్లున్నది? సముద్రమట్టమునకు అయిదడుగుల కాంటూరు లోపలనున్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యముగ ప్రకటించిరి. 2002లో రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ గౌరవమును లభించెను. 2006లో న్యాయస్థానపు టాజ్ఞపై చేపలచెరువుల గట్లను తెగగొట్టిరి. 2008లో హద్దును మూడడుగులకు దింపవలెనని శాసనసభ తీర్మానించెను. కేంద్రప్రభుత్వము నియమించిన అజీజ్ సంఘము 2011లో ఆ కోరికను నిరాకరించెను. తెగిన గట్లు అనేకచోట్ల మరల లేచినవి.

లోపలి జిరాయితీ రైతుల మొర అబద్ధమని మేమనము. తరతరములుగ వలవేసి బ్రదుకు బెస్తలకును, వందలకొలది యెకరములకు గట్టువేయు ధనికునకును ఒకే శాసనమనుట న్యాయము కాదు. కాని ఆ యన్యాయమునకు మందు హద్దు దింపుట కాదు, పరిహారమిచ్చుట. కొల్లేరు గోదావరీ కృష్ణా డెల్టాల నడుమ వరదనీటిని బట్టియుంచు పాత్ర. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు చేరవలసిన తావును ఈ కొల్లేరే. పాత్రను కురచజేసిన నీరు పొలముల మీదికి, ఊళ్లమీదికి వచ్చును. నేడు గట్టువేసి లాభించినవాడు రేపటి మునకకు పూచీపడునా?

కావున అయిదడుగుల హద్దును కదల్పరాదు. పట్టాగల రైతులకు పరిహారమును జాగుచేయరాదు. పట్టణముల మురుగును శుద్ధిచేయక సరస్సులోనికి విడువరాదు. ఉప్పుటేరు పూడికను తీసి నీటినడకను సరిచేయవలెను. ఏటేట గూళ్లను లెక్కించి, చచ్చిన పక్షులను పరీక్షించి, ఆ వివరములను జిల్లా ప్రజలకు ప్రకటింపవలెను. శిస్తు లెక్క తెలిసిన మనకు పక్షులలెక్క బరువు కాజాలదు.

ఆరేడు పక్షులు వెడలిననాడు మన పెద్దలకు కారణము తెలియకపోయి యుండవచ్చును. మనకు తెలియును. తెలిసియు ఉపేక్షించితిమేని, రాబోవు తరమువారు మనలను నిందించుట న్యాయమే యగును.