బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కన్నా ముందే...

రోడ్డు పక్కన రవాణా శాఖ జీపు కనిపిస్తే చాలు... ఎదురొచ్చే లారీకి లైట్లు కొట్టి చెప్పడం డ్రైవర్లకు మామూలే. 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, జాగ్రత్త' అని దానర్థం. ఆ జాగ్రత్తేదో షెడ్డులో బండి కదలకముందే పడితే లైట్లు కొట్టాల్సిన పనే ఉండదు!

పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీకైతే కాగితాలు చూసుకోవడానికి గుమస్తాలుంటారు. మూడు లారీల ఓనరుకు ఆ వెసులుబాటేదీ? కిరాయి మాట్లాడేదీ, ఫైనాన్సు వాయిదా కట్టేదీ, టైరు మార్పించేదీ ఆయనే. ఒక్క బండి ఆగితే రాబడిలో మూడో వంతు ఆగినట్టే.

ముందు కాగితాలు. ఆర్సీ, ఎఫ్‌సీ, పర్మిట్, ఇన్సూరెన్సు, పన్ను, పొల్యూషన్, డ్రైవర్ లైసెన్సు... వీటి గడువులన్నీ ఒకేసారి రావు. బండి వయసు ఎనిమిదేళ్ల లోపైతే రెండేళ్లకోసారి, దాటితే ఏటా ఎఫ్‌సీ చేయించాలి. ప్రతి గడువునూ నెల ముందు తేదీ మీదే గోడ క్యాలెండర్లో రాసుకుంటే మరచిపోవడం ఉండదు. 2018లో నిబంధనలు మారాక డిజీలాకర్, ఎంపరివాహన్‌లలో చూపినా చెల్లుతుంది. కాకపోతే అవి ఉండాల్సింది ఇంట్లో ఉన్న ఓనరు ఫోన్లో కాదు, బండిలో ఉన్న డ్రైవర్ ఫోన్లో!

తర్వాత బండి. టైరు గాడుల మధ్య చిన్న బుడిపెలుంటాయి. రబ్బరు వాటి మట్టానికి అరిగిందంటే ఆ టైరు పని అయిపోయినట్టే. ఇంజిన్ ఆపి బ్రేకు తొక్కి పట్టినప్పుడు గాలి ముల్లు పడిపోతూ ఉంటే ఎక్కడో లీకున్నట్టు. రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు ఉండాలి. టేపు ఉన్నా బురద పట్టినా, పైనుంచి పట్టా వేలాడినా లేనట్టే. చీకట్లో ఆగి ఉన్న లారీని వెనకొచ్చే మోటార్‌సైకిల్ మనిషికి చూపించేది ఆ ఎర్ర గీతే.

ఇక లోడు. 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు. ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. పైగా అదనపు సరుకు అక్కడే దింపితే గానీ బండి కదలదు. ఆ దింపుడు ఖర్చూ మీద పడేదే. బయల్దేరే ముందే కాటా వేయిస్తే ఈ బాధ లేదు.

ఏ సర్టిఫికెట్‌లోనూ కనిపించనిది డ్రైవర్ నిద్ర. చట్టం రోజుకు 8 గంటల పనే అంటుంది. ఏకబిగిన 5 గంటలు నడిపితే అరగంటైనా విశ్రాంతి ఇవ్వాలంటుంది.

అన్నిటికన్నా పెద్ద తనిఖీ ఒకటుంది. 'బ్రేకు ఓ పక్కకు లాగుతోందండీ' అని డ్రైవర్ చెప్పినప్పుడు, 'ఈ ట్రిప్పు కానియ్, చూద్దాం' అంటాడా, బండిని మెకానిక్ దగ్గరికి పంపుతాడా? ఓనరుకు అసలు పరీక్ష అదే. జరిమానా కట్టిన డబ్బు మరో నాలుగు ట్రిప్పుల్లో సంపాదించుకోవచ్చు. ఆ ట్రిప్పుకు వెళ్లిన మనిషి మాత్రం ఇంటికి తిరిగి రావాలి.