వైట్‌నర్ సీసా మీద కూడా ఒక కన్నేయండి

సంపాదకునికి,



నారాయణఖేడ్‌లో నాకో పుస్తకాల షాపు ఉంది. రెండేళ్ల కిందట పదమూడేళ్ల పిల్లాడొకడు వచ్చి, వైట్‌నర్ అక్కర్లేదు, దాంతోపాటు వచ్చే థిన్నర్ ఒక్కటే ఇమ్మన్నాడు. భుజాన బ్యాగు లేదు, చేతిలో నోట్‌బుక్కు లేదు. అయినా ఇచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు చొక్కా పెయింటు వాసన కొట్టింది, మూతి చుట్టూ పుండ్లు. వాడు దాన్ని మత్తు కోసం పీలుస్తున్నాడని అప్పుడు గానీ వెలగలేదు. కాబట్టి ఈ ఉత్తరంలో మొదటి తప్పు నాదే.

వైట్‌నర్, థిన్నర్ సీసాల్లో చిల్లరగా అమ్మకూడదని, పెన్ను రూపంలోనే అమ్మాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2012లోనే చెప్పిందట. ఆ సంగతి ఆ పిల్లాడి పుణ్యాన తెలిసింది. అలాగే పీల్చే పంక్చర్ సొల్యూషన్ ట్యూబు కొంటే ఎందుకని అడిగేవారే లేరు.

గంజాయి, కల్తీ కల్లు అనగానే అందరూ కదులుతారు. గంజాయికి 1985 నాటి చట్టముంది. గుడ్డలో సొల్యూషన్ పిండుకుని పీల్చేవాడు ఆ చట్టం కంటికి ఆనడు. కానీ కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్‌తో చేయించిన సర్వే (2019) చూడండి: ఈ పీల్చే మత్తు పెద్దల్లో 0.58 శాతం, 10-17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువున్న మత్తు ఇదొక్కటే.

మా వైపు చెరకు నరకడానికి ఊరు విడిచే తండాల వాళ్లు ఎందరో. పిల్లలు అవ్వల దగ్గర ఉంటారు. అవ్వకు కల్లు వాసన తెలుసు, సారా వాసన తెలుసు. ఈ సొల్యూషన్ వాసన వస్తే మనవడు పంక్చర్ షాపులో పనికి కుదిరాడనుకుంటుంది.

ఇంకో మాట. పీలుస్తూ దొరికినవాణ్ణి కొట్టకండి, తరమకండి. ఆ ఆవిరి లోపలికెళ్లాక భయపడినా, పరుగెత్తినా గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు, మొదటిసారి పీల్చినవాడికైనా సరే. గాలి తగిలేచోట నెమ్మదిగా కూర్చోబెట్టండి. ఊపిరి తడబడితే 108కి, మాన్పించే సాయానికి 14446కి ఫోన్ చేయండి.

మున్సిపాలిటీ వారికి, పోలీసు వారికి నా మనవి: గంజాయి కోసం బస్సుల్లో వెతికినట్టే మా దుకాణాల అరల్లోనూ వెతకండి. నా షాపుతోనే మొదలుపెట్టండి.

— ఒక పుస్తకాల వ్యాపారి,
నారాయణఖేడ్, సంగారెడ్డి జిల్లా