రెంటికీ చెడ్డ రేవడేనా?

షుఐబాలో ఏం చేస్తావురా అని అమ్మ అడిగితే, "నూనె లెక్కలు చూస్తానమ్మా" అంటాను. ఓ పెట్రోకెమికల్ ప్లాంటు ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కి కన్సల్టెంటుని లెండి. పొద్దస్తమానం తెర మీద వేడి, ఒత్తిడి, విస్కాసిటీ... అంటే చిక్కదనం అన్నమాట.

సంక్రాంతి ముందు శుక్రవారం మా ఎనిమిదేళ్ళ అమ్మాయి ఓ బొమ్మ వేసింది. గొబ్బెమ్మలు, లంగా ఓణీ, ఏడు చుక్కల ముగ్గు, అన్నీ ఉన్నాయి. పిల్ల మొహం మాత్రం జపాన్ కార్టూన్ మొహం! చేరడేసి కళ్ళు. "మన పిల్లలు ఇలా ఉంటారటే?" అని కసిరాను. భోజనానికొచ్చిన పెద్దాయన ఒకరు "అంతే బాబూ, ఇక్కడి పిల్లలది రెంటికీ చెడ్డ రేవడి బతుకు" అని తేల్చేశారు. అది కాగితం మడిచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో కృష్ణారెడ్డి గుర్తొచ్చారు.

ఏ కృష్ణారెడ్డి అంటారా? అదే మరి నా బాధ. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ మీదుగా పారిస్‌లో హేటర్ నడిపే అటెలియే 17 వర్క్‌షాపుకి చేరారు. 1972లో పద్మశ్రీ. ఆ తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, 2018లో అక్కడే పోయారు.

రంగుల ప్రింటుకి మామూలుగా రంగుకో అచ్చు కావాలి. జపాన్ వాళ్ళ పాత చెక్క అచ్చుల బొమ్మలూ అలా వేసినవే. 1950ల్లో హేటర్, బొంబాయి నుంచి వెళ్ళిన కైకో మోతీ, కృష్ణారెడ్డి కలిసి ఒకే రేకుతో, ప్రెస్సులో ఒక్కసారి తిప్పి అన్ని రంగులూ తెచ్చే పద్ధతి సాధించారు. దాని పేరేమిటో తెలుసా? విస్కాసిటీ ప్రింటింగ్! రేకుని హెచ్చుతగ్గులుగా చెక్కుతారు. అవిసె నూనె ఎక్కువ కలిపిన పల్చటి సిరాని గట్టి రోలరుతో పైభాగానికి పూస్తారు. నూనె తక్కువున్న చిక్కటి సిరాని మెత్తటి రోలరుతో లోతుల్లోకి పంపుతారు. జిడ్డున్న చోట చిక్కటి సిరా అంటదు. రెండు రంగులూ పక్కపక్కనే ఉంటాయి, కలిసి బురదవ్వవు.

పోనీ శాంతినికేతన్ అచ్చంగా మనదేనా? 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చినప్పుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ వాళ్ళ దగ్గర జపాన్ వాష్ పద్ధతి చూసి నేర్చుకున్నారు. ఆయన శిష్యుడే నందలాల్. అంటే మన చిత్తూరు కుర్రాడి గురువు కుంచెలోనే జపాన్ ఉంది! అంతెందుకు, కామెరూన్‌లో పుట్టి పారిస్‌లో పెరిగిన సెర్జ్ ముయాంగ్ నిస్సాన్‌లో కార్ల డిజైనరుగా జపాన్ వెళ్ళి, ఆఫ్రికా బట్టలతో కిమోనోలు చేయించాడు. అలాంటివాళ్ళని చూసి ఆహా అంటాం. మనింట్లో పిల్ల చేస్తే మాత్రం రేవడి!

ఏది పడితే అది కలిపేస్తే కళ అయిపోతుందని నేననను. కృష్ణారెడ్డి ఏళ్ళ తరబడి రేకులు గీకి, సిరాలు నూరి నేర్చుకున్నారు. నా మటుకు, రెంటికీ చెడేది రెండూ నేర్చుకున్నవాడు కాదు, రెండూ సగంలో వదిలేసినవాడు. నా సంగతే చూడండి. దానికి ముగ్గు నేర్పింది నేను కాదు, వీడియో కాల్లో వాళ్ళ నాన్నమ్మ. నాకు చేతనైంది కసరడం.

మర్నాడు శనివారం, ఇక్కడ సెలవే. "ఏదమ్మా ఆ బొమ్మ?" అని అడిగాను. తెచ్చి చూపించింది. ముగ్గు అలాగే ఉంది. మొహం ఖాళీ.

"కళ్ళు చెరిపేశాను నాన్నా, తప్పన్నావుగా."

మళ్ళీ వెయ్యమ్మా, నీకెలా వస్తే అలాగే అన్నాను. ఇంకా వెయ్యలేదు.