విహారయాత్రలో పంక్తిభేదము వలదు

రాబోవు క్రిస్మసు సెలవులలో మన సంఘమువారి పిల్లలను బిడది దగ్గరనున్న వండర్లా వినోదోద్యానమునకు తీసికొనిపోవలెనని కార్యవర్గమున ఒక ప్రతిపాదన వచ్చినది. డిసెంబరు 29వ తేదీ అనుకూలమని పలువురు అభిప్రాయపడినారు. శక్తిగలవారు తమ పిల్లలకు, వరుసలో ఎక్కువసేపు నిలువ నక్కరలేని హెచ్చుధర టిక్కెట్లు కొనుక్కొనవచ్చుననియు, తక్కినవారికి సాధారణపు టిక్కెట్లు తీసికొందమనియు కూడ అనుకొన్నారు. యాత్రకు నేను వ్యతిరేకిని కాను. ఆ తేదీకిని, ఆ రెండు తరగతుల టిక్కెట్లకును వ్యతిరేకిని. ఆనాటి సభలో కాలము చాలక చెప్పదలచినది పూర్తిగా చెప్పలేకపోతిని. నిర్ణయము ఇంకను కాలేదు గావున సభ్యులందరి యెదుట ఈ విషయము నుంచుచున్నాను.

ముందుగా, యాత్రయే వలదను పెద్దలకు ఒక మాట. ధనుర్మాసమున ఈ గంతులేమి, ఈ ఖర్చేమి అని వారి ఆక్షేపణ. తమ బాల్యమును ఒకసారి జ్ఞాపకము చేసికొనవలెనని వారికి మనవి. బెంగుళూరులో పుట్టి పెరిగిన మనలో కార్తీకమాసపు కడపటి సోమవారము బసవనగుడి కడలెకాయి పరిషెకు పోనివారెవరు? బసవన్న దర్శనము అయిదు నిమిషములు. పిమ్మట సేరు వేరుసెనగకాయలు ఒడిలో పోయించుకొని రంగులరాట్నము చుట్టును గంటలకొలది తిరుగుట. వినోదోద్యానమనగా చుట్టును గోడ కట్టిన పరిషెయే. వేరుసెనగకాయల మాట వచ్చినది గనుక చెప్పెదను. వాల్టు డిస్నీ తన కుమార్తెలను లాస్ ఏంజెలెస్ నగరమునందలి గ్రిఫిత్ పార్కు రంగులరాట్నమునకు తీసికొనిపోయి, తాను బల్లపై కూర్చుండి వేరుసెనగకాయలు నములుచు, తల్లిదండ్రులును పిల్లలును కలిసి ఆడుకొను చోటొకటి ఉండవలదా యని తలపోసెనట. 1955లో డిస్నీల్యాండు వెలసినది. అంతకు తొమ్మిదేండ్లు ముందే, 1946లో, ఆ దేశపు ఇండియానా రాష్ట్రమున శాంటాక్లాజ్ అను పేరుగల ఊరిలో, వ్యాపారమునుండి విశ్రమించిన లూయీ కోక్ అను పెద్దమనిషి అట్టిదే ఒకటి తెరచెను. ఊరి పేరు విని క్రిస్మసు తాతను చూడవచ్చిన పిల్లలు, అక్కడ తాత లేడని చిన్నబోయి మరలిపోవుట ఆయన సహింపలేకపోయెను. నేను చెప్పబోవునదియు పిల్లలు చిన్నబోయిన సంగతియే.

దానికి ముందు తేదీ మాట. వర్తకుని కంటితో చూచిన ఇది మంచి బేరము కాదు. పరిషెలో ఆటకొక రుసుము. ఎక్కిన దానికే ఇచ్చెదము. డిస్నీల్యాండులో కూడ తొలుత ఆటకొక టిక్కెట్టు ఉండెడిది. 1982లో ఆ పద్ధతి పోయి, ద్వారమువద్ద ఒక్కసారి చెల్లించి ఎన్నియైనను ఎక్కవచ్చునను పద్ధతి నిలిచినది. వండర్లాలోను ఇదే పద్ధతి. ఇందులో మనము కొనునది ఆట కాదు, కాలము. పిల్లవాని చేతిలో యంత్రములెక్కుటకు నాలుగు గంటలు ఉన్నవనుకొందము. ఒక్కొక్క దానికి పావుగంట నిలువవలసియున్నచో, ఎక్కి దిగుటతో కలిపి పండ్రెండు ఎక్కగలడు. గంట నిలువవలసి వచ్చినచో నాలుగు కూడ ఎక్కలేడు. క్రిస్మసు మొదలు ఆంగ్ల సంవత్సరాది వరకు జనము హెచ్చు, టిక్కెట్టు ధరయు సాధారణ దినములకంటె హెచ్చు. అనగా ధర పెరిగి తూకము తగ్గినదన్నమాట. అమ్మువానిని తప్పుపట్టుట లేదు. వరమహాలక్ష్మీ వ్రతమునకు ముందునాడు కృష్ణరాజేంద్ర మార్కెట్టులో కనకాంబరములు ఏ ధర పలుకునో మన ఇల్లాండ్రకు తెలియును. గిరాకి ఉన్ననాడు హెచ్చుధర కమ్ముట వర్తకధర్మమే. నేనును అంగడి పెట్టుకొన్నవాడనే. ఏనాడు కొనవలెనో తెలిసికొనుట కొనువాని పని. పూలు వ్రతమునాడే కావలెను. రంగులరాట్నమునకు ముహూర్తము లేదు.

బేరము మాట అట్లుండనిండు. 29వ తేదీ ఎవరికి సెలవు? ప్రైవేటు ఇంగ్లీషు పాఠశాలలలో, విశేషించి క్రైస్తవ సంస్థలు నడుపు వానిలో, క్రిస్మసుకు వారము పది దినములు సెలవులిత్తురు. ప్రభుత్వ కన్నడ పాఠశాలలకు సంవత్సరము నడుమ వచ్చు పెద్ద సెలవులు దసరాకే. క్రిస్మసుకు 25వ తేదీ ఒక్కటే. మన సంఘములో రెండు విధముల పిల్లలును ఉన్నారు. చిక్కపేటలో అంగళ్లు గలవారి పిల్లలును మనవారే. ఆ అంగళ్లలో మూటలు మోయువారి పిల్లలును, దర్జీల పిల్లలును మనవారే. కార్యవర్గమున కూర్చున్న మా పిల్లలందరు ఇంగ్లీషు బడులవారగుటచే, సెలవులనగానే మా ఇంటి సెలవులే మాకు తోచినవి. నాకును మొదట తోచలేదు. మా అంగడిలో పనిచేయు ఒకరు "ఆ దినము మావానికి బడి యున్నదే, అయ్యా" అన్నప్పుడు గాని తెలిసిరాలేదు.

అట్లయిన 25వ తేదీనే పోవుదమని ఒక మిత్రుడనినాడు. అది మరింత తప్పు. ఆ దినము మనలో కొందరికి సెలవు. మన తెలుగు క్రైస్తవ కుటుంబములకు పండుగ. మనది భాషను బట్టి ఏర్పడిన సంఘము. ఉగాది పచ్చడికి వారిని పిలిచి, వారు చర్చిలో ప్రార్థన చేయుచుండగా మన బస్సు కదలించుట ఏమి మర్యాద? ఆ మాటకు వచ్చిన ఆదివారపు ఉదయమును వారికి అనుకూలము కాదు.

గావున డిసెంబరు రెండవ శనివారము పోవుదమని నా సూచన. ఆ దినము ప్రభుత్వోద్యోగులకు సెలవు. ప్రభుత్వ పాఠశాలలలో శనివారము ఉదయపు పూట మాత్రమే తరగతులు గనుక పోవునది ఒంటిపూట బడి; ముందుగా సంఘము పక్షమున ప్రధానోపాధ్యాయులకు ఉత్తరము వ్రాసి అనుమతి కోరవచ్చును. పండుగ గిరాకి అప్పటికి మొదలై యుండదు. పదవ తరగతివారికి పరీక్షల ఒత్తిడియు జనవరి ఫిబ్రవరులలో నున్నంత ఉండదు. ఇందులో లోపమే లేదనను. డిసెంబరులో పాఠశాలలవారు కూడ విహారయాత్రలకు బయలుదేరుదురు; వారి బస్సులు అక్కడ మనకు ఎదురుపడవచ్చును. శనివారము మా బోటివారికి మంచి వ్యాపారము జరుగు దినము, అంగడి మూసికొని రావలెను. మూసికొని వచ్చెదము.

ఇక టిక్కెట్ల సంగతి. రెండేండ్ల క్రిందట మనము మరియొక ఉద్యానమునకు పోయితిమి. దాని పేరు అనవసరము. తప్పు వారిది కాదు, ఏర్పాట్లు చూచిన నాది. ఎనిమిది కుటుంబములవారము హెచ్చుధర టిక్కెట్లు కొంటిమి. మా పిల్లలిద్దరికి కొన్నవాడను నేనే. పోవునప్పుడు బస్సులో పిల్లలందరు కలిసిమెలిసి యుండిరి. ఒకడు ఇంగ్లీషు బడివాడు, ఒకడు కన్నడ బడివాడు. ఒకని పాఠము ఒకనికి తెలియదు. ఇద్దరికిని తెలిసినది ఇంటి తెలుగు. పొడుపుకథలు వేసికొనుచు, విప్పలేనివానిని ఎగతాళి చేయుచు వచ్చిరి. వారి అల్లరికి డ్రైవరు రెండుమార్లు విసుగుకొనెను. ద్వారము దాటగానే మణికట్టులకు రెండు రంగుల పట్టీలు కట్టిరి. పది నిమిషములు గడువకముందే మా పిల్లలది ఒక దారి, తక్కినవారిది ఒక దారి. మావారు ఇంగ్లీషులో కేకలు వేసికొనుచు యంత్రమునుండి యంత్రమునకు పరుగెత్తిరి. తక్కినవారు ఇనుప కమ్ముల నడుమ నిలిచి, తమను దాటిపోవు స్నేహితులను చూచుచుండిరి. తొమ్మిదేండ్ల బాలిక ఒకతె నా చేయి పట్టుకొని, "మామా, మేమూ మన సంఘమువాళ్లమే కదా?" అని అడిగినది. "నీ పట్టీ రంగు వేరు తల్లీ" అంటిని. అది జవాబు కాదని అప్పుడే నాకు తెలియును. తిరుగు ప్రయాణములో ముందు సీట్లలో ఒక గుంపు, వెనుక సీట్లలో ఒక గుంపు. పొడుపుకథ ఒక్కటియు వినబడలేదు. పిల్లలు అలసిపోయినారని మేము ఒకరితో ఒకరు చెప్పుకొంటిమి.

"నా డబ్బు, నా పిల్లలు, మీకేమి?" అని అడుగువారుందురు. న్యాయమైన ప్రశ్నయే. కుటుంబముతో పోయినప్పుడు ఎవరికి నచ్చిన టిక్కెట్టు వారు కొనుక్కొనవచ్చును. రేపు నేనును కొందునేమో. డిస్నీల్యాండులో ముందుగా వేళ నిర్ణయించుకొని వరుస తప్పించుకొను చీటీలు 1999లో వచ్చినప్పుడు, లోనికి వచ్చిన వారందరికి ఉచితముగనే ఇచ్చెడివారు. 2021లో ఆ ఏర్పాటు పోయి రుసుము పద్ధతి వచ్చినది. లోకపు పోకడ అట్లున్నది, దానిని మనమాపలేము. కాని సంఘము పేరిట ఒకే బస్సెక్కినప్పుడు లెక్క వేరు. పెండ్లి పంక్తిలో కూర్చున్నవారిలో ఒకని విస్తరిలో నేయి, ప్రక్కవాని విస్తరిలో నూనె వడ్డింతుమా? నేతికి నేను డబ్బిచ్చెదను, నాకు మాత్రము వడ్డింపుమని ఒక బంధువు అడిగినచో చూచువారు ముక్కున వేలువేసికొందురు. పూర్వము కులమును బట్టి పంక్తులు వేరుచేసిన దోషము మన పెద్దలకు లేదనను. అది వదలించుకొనుటకు ఎంత కాలము పట్టినదో ఎరిగినవారము గనుకనే, క్రొత్తదానిని డబ్బిచ్చి కొని తెచ్చుకొనరాదనుచున్నాను.

మరియొక సంగతి కూడ ఆనాడే నాకు తట్టినది. మనము డబ్బిచ్చి తప్పించుకొన జూచునది ఆ వరుసలో నిలుచు సమయమును. యంత్రముపై కేక తప్ప మాట లేదు. మూడు నిమిషముల కేకకు ఏ భాషయు అక్కరలేదు. పిల్లలు ఒకరితో ఒకరు మాటలాడుటకు తీరిక దొరకునది వరుసలోనే. మన పిల్లలలో పెక్కురు తెలుగు వ్రాయనేరరు, చదువనేరరు. నోటిమాటలో మాత్రమే అది వారియొద్ద నిలిచియున్నది. ఇంటి బయట, తమ యీడువారితో, దినమంతయు తెలుగు మాటలాడుటకు వారికి సంవత్సరమునకు ఎన్ని అవకాశములు దొరకుచున్నవో లెక్కవేసి చూడుడు. పొట్టి వరుస కోరినవాడు మరల వరుసను పొగడుచున్నాడేమని నవ్వవలదు. వరుస పొట్టిదైనను పొడుగుదైనను మన పిల్లలందరు అందులో కలిసి నిలువవలెను, అంతియే. నడువలేని పిల్లలకు, జబ్బుగా నున్నవారికి ప్రత్యేకపు దారి అడుగుట వేరు, దానికెవ్వరు అడ్డుచెప్పరు.

అందుచేత అందరికిని ఒకే రకపు టిక్కెట్టు తీసికొనవలెనని తీర్మానము చేయవలసినదిగా కార్యవర్గమును కోరుచున్నాను. హెచ్చుధర టిక్కెట్టుకు సిద్ధపడిన కుటుంబములు ఆ వ్యత్యాసపు సొమ్మును యాత్రానిధి కిచ్చినచో, టిక్కెట్టు భారమైన ఇండ్ల పిల్లలును రాగలుగుదురు. ఆ దాతల పేర్లు ఈ పత్రికలో ప్రకటింపవలదు, ఆ పిల్లల పేర్లు అసలే వలదు.

రెండవ శనివారము పోయినచో క్రిస్మసు సంబరము చూడలేమని మా చిన్నవాని ఫిర్యాదు. దీపములు చూచుటకు టిక్కెట్టు ఎందుకు? క్రిస్మసు వారమున ఒక సాయంకాలము బ్రిగేడ్ రోడ్డు మీదుగా నడచి, శివాజినగరములోని సెయింట్ మేరీ బసిలికా వరకు పోయివచ్చిన చాలును. మన క్రైస్తవ మిత్రులు వెంటవచ్చి చూపినచో మరియు సంతోషము.

యాత్ర నిశ్చయమైనచో తల్లిదండ్రులు ముందుగా చూచుకొనవలసినవి కొన్ని కలవు. వండర్లాలో పిల్లల టిక్కెట్టు వయస్సును బట్టి కాదు, ఎత్తును బట్టి. 140 సెంటీమీటర్లు దాటిన పిల్లవాడు పండ్రెండేండ్లవాడైనను పెద్దల లెక్కలోనికి వచ్చును. ఇంటివద్దనే గోడకు నిలబెట్టి కొలిచి, ఆ కొలత వ్రాసి పంపుడు. ద్వారమువద్ద కొలిచి పైకము కొరకు వెదకికొనుట ఆ పిల్లవానికి తలవంపు. ఉద్ధృతముగా తిరుగు యంత్రములకును ఎత్తు నిబంధన కలదు. పొట్టివారు ఏవి ఎక్కగలరో ముందే చెప్పి ఉంచుడు. బయటి తినుబండారములు లోనికి రానీయరు. అందుచే పులిహోర పొట్లములు దారిలోనే విప్పవలెను. నీటి ఆటలు ముందుగా ముగించుకొనుట మేలు; డిసెంబరులో మన ఊరి యెండ నాలుగు దాటిన పిమ్మట తడిబట్టలు ఆర్పజాలదు. నీటిలో దిగుటకు నైలాను, పాలిస్టరు దుస్తులే కావలెను, నూలుబట్టలు పనికిరావు. నూలుబట్టలమ్ముకొని బ్రతుకు నాకు ఈ నిబంధన రుచింపదు గాని, ఏమి చేయుదును? అట్టి దుస్తులు లేని పిల్లల కొలతలు నవంబరు నెలాఖరులోగా పంపినచో టోకుగా తెప్పించి కొన్నధరకే ఇచ్చెదను. బిల్లు కార్యదర్శిగారి యొద్ద ఉంచెదను, ఎవరైనను చూడవచ్చును.